అమ్ముకుంటే కలప... బాగుచేసుకుంటే మేడ

అమలాపురం: కోనసీమ పల్లెల్లో మండువా లోగిళ్ళు ఒకటొకటిగా నేలమట్టమవుతున్నాయి. వాటితోపాటు మేడ మీది టేకు బల్లల నేల కూడా పాత కలప వ్యాపారుల లారీలెక్కి పోతోంది. బల్లలు కిర్రుమంటున్నాయనో, ఒక మూల చెద పట్టిందనో మేడ మొత్తం విప్పించేవారున్నారు. మంచి వడ్రంగి కొన్నాళ్ళు పనిచేస్తే నిలబడే నేలలు వీటిలో ఎన్నో ఉన్నాయి.

ఏజెన్సీ అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపిన కాలం నాటి కలప ఇది. దూలాల మీద దంతెలు, వాటి మీద దళసరి బల్లలు పరిచారు. ముదురు టేకు చేవను చెద త్వరగా ముట్టదు. తెల్లచెక్క ఉన్నచోట, తడి తగిలినచోట పుచ్చు మొదలవుతుంది. 1996 నవంబరు తుపానుకు పెంకులు లేచిపోయిన ఇళ్ళలో వాననీరు ఈ బల్లల మీదే పడింది. అందువల్ల ముందు కప్పు కారడం ఆపి, ఆ తరువాత నేల పట్టుకోవాలి.

గోడలోకి దిగిన దూలం కొసలు ముందుగా పుచ్చుతాయి. ఉలి మొన మెత్తగా దిగితే ఆ కొస పనికిరానట్లే. కింద ఊతకర్రలు నిలిపి దాన్ని మార్చకుండా పైన ఎంత మెరుగు పెట్టినా ప్రాణాలకు ముప్పే. ధాన్యం బస్తాలు మేడ మీద వేసే ఇళ్ళలో మరీ జాగ్రత్త అవసరం. గోడ మీద చెద మట్టి దారులు కనిపిస్తే, మందు కింద నేలలో కూడా వేయించాలి.

బల్లను సుత్తితో తట్టితే గట్టిది ఖంగుమంటుంది, పుచ్చినది బోలుగా పలుకుతుంది. పాడైనంత మేరకే కోసి, అతుకు దంతె మీదికి వచ్చేలా వేయాలి. అతుక్కి ఆ ఇంటి అటక బల్లే మేలు. బాగా ఆరిన కలప గనుక వంకర పోదు, రంగూ కలుస్తుంది. గోడ వారగా అర అంగుళం సందు వదలాలి. లేకుంటే వానాకాలంలో చెక్క ఉబ్బి బల్లలు పైకి లేస్తాయి. కిర్రుమనే చోట వదులైన మేకు పీకి స్క్రూ బిగిస్తే మోత తగ్గుతుంది.

చిత్రిక పట్టేముందు మేకు తలలన్నీ లోపలికి దింపాలి. తరువాత గరుకు కాగితం, ఆపైన అవిసె నూనె రెండు మూడు పూతలు. ఒక పూత ఆరాకే మరొకటి వేయాలి. నూనె గుడ్డలను కుప్పగా వదిలితే వాటంతటవే రాజుకునే ప్రమాదముంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. ఆ తరువాత నేలను బిందెలతో కడగకూడదు. గట్టిగా పిండిన తడిగుడ్డ చాలు.

పాత కలప డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. అంత దళసరి, అంత పొడవు ముదురు టేకు బల్ల మళ్ళీ కొందామంటే దొరకడం కష్టం. వ్యాపారికి మాట ఇచ్చేముందు ఊళ్ళో అనుభవమున్న వడ్రంగిని పిలిచి ఒకసారి మేడెక్కించడం మంచిది.