విహారనౌకలలో సహయాత్రికుల సమావేశాలు

ఒకే విహారనౌకలో ప్రయాణించే, అంతకు ముందు పరిచయం లేని ప్రయాణికులు తమంత తాముగా ఏర్పాటు చేసుకునే పరిచయ కార్యక్రమాలను సహయాత్రికుల సమావేశాలు అంటారు. నౌకా సంస్థ నడిపే ఆటపాటలు, విందులు, ప్రదర్శనలు వీటి కిందకు రావు. ప్రయాణికులలో ఒకరో ఇద్దరో పూనుకొని, ఓడ బయలుదేరడానికి కొన్ని వారాల ముందే పేర్లు సేకరించి, సమయం, స్థలం నిర్ణయించి, ఓడ ఎక్కిన తరువాత అందరినీ ఒకచోట చేర్చడం వీటి సాధారణ పద్ధతి. హైదరాబాదుకు సముద్రం లేదు. అందువలన ఇక్కడివారిలో చాలామందికి ఓడ ప్రయాణం శంషాబాదులోని విమానాశ్రయంతోనే మొదలవుతుంది. సహయాత్రికులు తొలిసారి ఒకరినొకరు చూసుకునేందుకు అనువైన చోటు కూడా అదే.

అవసరం

విహారనౌక ఒక చిన్న పట్టణం వంటిది. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అను నౌకలో గదికి ఇద్దరు చొప్పున లెక్కించినా 5,610 మంది ప్రయాణికులు పడతారు. ఇంతమందిలో ఉదయం పలకరించిన మనిషి సాయంత్రం మళ్ళీ కనిపిస్తాడన్న నమ్మకం లేదు.

పూర్వపు నౌకలలో ఈ ఇబ్బంది ఇంతగా ఉండేది కాదు. ఓడ చిన్నది కావడం ఒక కారణం. రాత్రి భోజనానికి ప్రతి ప్రయాణికునికీ ఒకే బల్ల, ఒకే సమయం కేటాయించడం మరొక కారణం. ప్రయాణం ముగిసే వరకు అదే బల్ల వద్ద అదే మనుషులు కూర్చోవడం వలన పరిచయం దానంతట అదే పెరిగేది. 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ సంస్థ ఇష్టమైన వేళకు, ఇష్టమైన భోజనశాలలో తినే పద్ధతిని ప్రవేశపెట్టింది. క్రమేణా ఇతర సంస్థలు కూడా ఇటువంటి సౌకర్యాలను కల్పించాయి. దీనివలన ప్రయాణికులకు స్వేచ్ఛ పెరిగింది గాని, అనుకోకుండా కలిగే పరిచయాలు తగ్గాయి. పూర్వం భోజనపు బల్ల చేసిన పనిని ఇప్పుడు ఎవరో ఒకరు పూనుకొని చేయవలసి వస్తున్నది.

చరిత్ర

విహారయాత్ర కొరకే నౌకను నడిపిన తొలి ఉదాహరణలలో క్వేకర్ సిటీ నౌక ప్రయాణం ఒకటి. 1867 జూన్‌లో న్యూయార్కు నుండి బయలుదేరిన ఈ ఓడ ఐరోపా, పాలస్తీనా ప్రాంతాలను చుట్టి నవంబరులో తిరిగి వచ్చింది. ప్రయాణం కోరినవారి దరఖాస్తులను ఒక సంఘం పరిశీలించి ఆమోదించేది. రచయిత మార్క్ ట్వేన్ ఇందులో ప్రయాణించి, ఆ అనుభవాలను 1869లో ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్ అను పుస్తకంగా ప్రచురించాడు. ఓడలో ప్రయాణికులు సాయంత్రపు ప్రార్థనలు, చర్చాగోష్ఠులు, నృత్యాలు తామే ఏర్పాటు చేసుకున్న వైనం అందులో వివరంగా ఉన్నది. కేవలం విహారం కొరకే నిర్మించిన తొలి నౌకగా పేరొందిన జర్మనీ ఓడ ప్రింజెసిన్ విక్టోరియా లూయిసె 1900లో జలప్రవేశం చేసింది.

తరువాతి కాలంలో నౌకా సంస్థలే ఈ సమావేశాలను గుర్తించి తోడ్పాటునివ్వసాగాయి. రాయల్ కరీబియన్ సంస్థ నౌకలలో వీటికి మీట్ అండ్ మింగిల్ అని పేరు. మద్యపానం మానినవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యుల కొరకు అనేక నౌకల దినచర్య పత్రికలో ఫ్రెండ్స్ ఆఫ్ బిల్ డబ్ల్యు అను పేరుతో ఒక సమావేశం కనిపిస్తుంది. ఆ సంఘ స్థాపకులలో ఒకరి పేరును సంకేతంగా వాడటం వలన, సంగతి తెలిసినవారు మాత్రమే అక్కడికి చేరుకుంటారు. 2010లో ప్రవేశించిన నార్వేజియన్ ఎపిక్ నౌకలో ఒంటరి ప్రయాణికుల కొరకు చిన్న గదులతో పాటు, వారు మాత్రమే కలుసుకునే ప్రత్యేక విశ్రాంతి శాలను కూడా నిర్మించారు.

తెలుగువారి ఓడ సహవాసం

తెలుగువారికి ఓడ ప్రయాణం కొత్త కాదు, కాని అది విహారంగా మొదలు కాలేదు. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుండి వేలాది కూలీలు మారిషస్, బర్మా, దక్షిణాఫ్రికాలకు వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీదనే మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. 1860 అక్టోబరులో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16న 342 మందితో డర్బను చేరింది. దక్షిణాఫ్రికాకు ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళిన మొదటి ఓడ ఇదే. ఫిజీకి మద్రాసు నుండి ఓడలు 1903లో మొదలయ్యాయి.

ఆ ఓడలలో కులం, ఊరు, వంటా వార్పూ వేరువేరుగా ఉంచుకోవడం సాధ్యపడేది కాదు. అయినవారిని వదలి వచ్చినవారికి పక్కన పడుకున్నవారే అయినవారయ్యారు. ఫిజీ, ట్రినిడాడు, సూరినాం వంటి దేశాలలో ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు జహాజీ భాయి అని పిలుచుకునేవారు. జహాజు అనగా ఓడ. ఈ బంధాన్ని తోబుట్టువుల బంధంతో సమానంగా భావించి, జహాజీల పిల్లల మధ్య వివాహాలను కూడా కొన్నిచోట్ల మానుకునేవారు. నిర్బంధంలో పుట్టిన ఆ బంధానికీ, సెలవులలో చేసే విహారానికీ పోలిక లేదు. అయితే, ఒకే ఓడ ఎక్కినవారు పరాయివారుగా మిగిలిపోనవసరం లేదన్న విషయం రెండింటిలోనూ కనిపిస్తుంది.

హైదరాబాదు ప్రాంతం నుండి హజ్ యాత్రికులు కూడా పూర్వం బొంబాయి చేరి ఓడలో వెళ్ళేవారు. భారతదేశం నుండి హజ్ ఓడ ప్రయాణాలు 1995లో ఆగిపోయాయి. ఇప్పుడు యాత్రికులు నాంపల్లిలోని హజ్ హౌస్‌లో కలుసుకొని, అక్కడి నుండి శంషాబాదు చేరి విమానం ఎక్కుతారు. ఓడ పోయినా, బయలుదేరే ముందు ఒకచోట చేరే పద్ధతి నిలిచి ఉన్నది.

శంషాబాదు విమానాశ్రయం పాత్ర

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం రంగారెడ్డి జిల్లా శంషాబాదులో, హైదరాబాదు నగరానికి సుమారు 24 కి.మీ. దూరంలో ఉన్నది. 2008 మార్చి 23న ఇక్కడ రాకపోకలు మొదలై, బేగంపేట విమానాశ్రయం నుండి సాధారణ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. 44వ జాతీయ రహదారి, బాహ్యవలయ రహదారి దీనికి దగ్గరగా ఉన్నాయి. 2009 అక్టోబరులో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మెహిదీపట్నం వైపు నుండి వచ్చేవారికి ఉపయోగపడుతుంది. నగరంలోని పలు చోట్ల నుండి ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులు నడుస్తాయి.

భారతదేశంలో విహారనౌకలు ప్రధానంగా ముంబాయి, గోవా, కొచ్చి, చెన్నై రేవుల నుండి నడుస్తాయి. కార్డీలియా క్రూయిజెస్ సంస్థ ఎంప్రెస్ అను నౌకతో 2021 సెప్టెంబరులో ముంబాయి నుండి యాత్రలు ప్రారంభించింది. 2022 జూన్‌లో ఈ నౌక చెన్నై నుండి విశాఖపట్నానికి వచ్చింది. విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. విదేశీ యాత్రలకు సింగపూరు దగ్గరి రేవు. శంషాబాదు నుండి ముంబాయికి విమానంలో సుమారు గంటన్నర, సింగపూరుకు నాలుగు గంటలకు పైగా పడుతుంది.

హైదరాబాదు నుండి ఒకే ఓడకు వెళ్ళేవారు తరచుగా ఒకే విమానంలోనో, కొద్ది గంటల తేడాతోనో బయలుదేరుతారు. విమానాశ్రయం లోపలికి టిక్కెట్టు ఉన్నవారికే ప్రవేశం కనుక, సాగనంపడానికి వచ్చిన బంధువులు బయటనే ఆగిపోతారు. గల్ఫ్ దేశాలకు వెళ్ళే జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల కార్మికులకు, ఆగస్టు నెలలో అమెరికాకు వెళ్ళే విద్యార్థులకు కూడా ఇదే వీడ్కోలు స్థలం. కొత్తగా ప్రయాణం చేసేవారు ఇక్కడే ఒకరికొకరు తోడు వెతుక్కుంటారు. ఓడ ప్రయాణికులు చేసేదీ అదే, కాకపోతే ముందే అనుకొని చేస్తారు.

నిర్వహణ విధానం

ప్రయాణానికి ముందు: ఓడ పేరు, బయలుదేరే తేదీ తెలుపుతూ రెండు మూడు నెలల ముందే ప్రకటన ఇస్తారు. రాదలచినవారి పేరు, ఊరు, ఎందరు వస్తున్నారు, ఏ భాషలు వచ్చు, ఏ విషయాలలో ఆసక్తి అన్న వివరాలు మాత్రమే తీసుకుంటారు. గది సంఖ్య, పాస్‌పోర్టు వివరాలు అడగరాదు. నౌకా సంస్థకు ముందుగా తెలియజేస్తే కొన్ని నౌకలలో సమావేశానికి గది కేటాయిస్తారు.

విమానాశ్రయంలో: భద్రతా తనిఖీ పూర్తయిన తరువాత, విమానం ఎక్కే గేటు వద్ద కలుసుకోవడం మేలు. బయట కలుద్దామనుకుంటే ఒకరి ఆలస్యం అందరికీ ఆలస్యమవుతుంది. ఓడ బయలుదేరే రోజునే విమానం ఎక్కడం ప్రమాదకరం. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఒక రోజు ముందుగానే రేవు పట్టణం చేరుకోవాలి. కర్నూలు, కరీంనగరం వంటి దూర ప్రాంతాల నుండి వచ్చేవారు ఉదయపు విమానమైతే ముందు రోజు రాత్రికే శంషాబాదు చేరుకోవడం మంచిది.

ఓడలో: మొదటి సమావేశానికి అనువైన సమయం, ఓడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రంలో సాగే మొదటి రోజు ఉదయం. ఆనాడు అందరూ ఓడలోనే ఉంటారు. ఎక్కిన రోజు సామాను, అత్యవసర కసరత్తు, అలసట వలన చాలామంది రాలేరు. సమయం చెప్పేటప్పుడు ఓడ గడియారాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. ఓడ సమయం, చేతి ఫోను చూపే సమయం వేరుగా ఉండవచ్చు. సముద్రంలో ఫోను సౌకర్యం ఖరీదైనది కనుక, స్థలం, సమయం ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి.

సమావేశం ఒక గంటకు మించకుండా ఉండటం ఆనవాయితీ. అందరూ వలయంగా కూర్చొని పేరు, ఊరు, ఎన్నవ ఓడ ప్రయాణం అన్నది చెబుతారు. తెలుగువారి మధ్య "మీది ఏ ఊరండీ?" అన్న ఒక్క ప్రశ్న చాలు, పది నిమిషాలలో అన్నయ్య, వదిన, బాబాయి, పిన్ని అన్న వరుసలు కలుస్తాయి. పేకాట, పాటలు, శాకాహారులు ఒకే బల్ల వద్ద భోజనం చేయడం, చిన్న కానుకలు మార్చుకోవడం వంటివి తరువాతి రోజులకు నిర్ణయించుకుంటారు.

రేవులలో: నలుగురైదుగురు కలిసి వాహనం మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయితే నౌకా సంస్థ ఏర్పాటు చేసిన యాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా వేచి ఉంటుంది గాని, సొంతంగా వెళ్ళినవారి కొరకు ఆగదు. తిరిగి ఎక్కవలసిన గడువుకు కనీసం గంట ముందు రేవు చేరేలా చూసుకోవాలి. ఖర్చుల లెక్క ఏ రోజుకారోజు రాసి అందరికీ చూపాలి.

జాగ్రత్తలు

అత్యవసర కసరత్తు అన్ని సమావేశాల కంటె ముఖ్యమైనది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకర్డియా నౌక రాతిని ఢీకొని ఒరిగిపోగా 32 మంది మరణించారు. ఆ రోజే ఎక్కిన అనేకమందికి అప్పటికి కసరత్తు జరగలేదు. ఆ తరువాత అంతర్జాతీయ నియమాన్ని సవరించి, 2015 జనవరి నుండి ఓడ బయలుదేరే ముందు గాని, బయలుదేరిన వెంటనే గాని కసరత్తు జరపాలని నిర్దేశించారు. సహయాత్రికులలో వృద్ధులు, ఆంగ్లం రానివారు ఉంటే, తమ ప్రాణరక్షక పడవ ఏ చోట ఉన్నదో వారికి అర్థమయ్యే భాషలో చెప్పడం సమావేశకర్తల కనీస బాధ్యత.

గుంపుగా చేరినప్పుడు అంటువ్యాధులు కూడా వ్యాపిస్తాయి. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకోహామా వద్ద డైమండ్ ప్రిన్సెస్ నౌకలోని 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకింది. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నవారు సమావేశానికి రాకుండా ఓడ వైద్యునికి చూపించుకోవాలి.

ఒంటరిగా వచ్చిన స్త్రీల గది సంఖ్య ఎవరికీ చెప్పరాదు. తొలి సమావేశాలు నలుగురూ తిరిగే చోటనే జరపాలి. అనుమతి లేకుండా ఛాయాచిత్రాలు ప్రచారం చేయరాదు.

విమర్శలు

విశ్రాంతి కొరకు వచ్చినచోట ఈ కార్యక్రమాల పట్టిక ఎందుకని కొందరు విమర్శిస్తారు. ఒకే భాషవారు గుంపు కట్టి ఇతరులతో కలవకపోవడం, పెద్ద గొంతుతో మాట్లాడటం వలన మిగిలిన ప్రయాణికులకు ఇబ్బంది కలుగుతుందన్నది మరొక విమర్శ. మొదటి సమావేశాన్ని ఏ భాషవారైనా రాగలిగేలా జరిపి, రావడం మానడం ఎవరి ఇష్టానికి వారికి వదలడం దీనికి పరిష్కారంగా చెప్పవచ్చును.

మరొక పక్క, ఓడలో ఒకరు జారిపడినా, రేవులో ఒకరు వెనుకబడినా మొదట గుర్తించేది పేరు తెలిసిన మనిషే. భోజనానికి రాలేదేమని అడిగేవారు ఒక్కరైనా ఉండటం, ముఖ్యంగా ఒంటరిగా ప్రయాణించే వృద్ధులకు, పెద్ద రక్షణ. ఆ ఒక్కరిని ఓడ ఎక్కకముందే, శంషాబాదులో విమానం గేటు దగ్గరే సంపాదించి పెట్టడం ఈ సమావేశాల అసలు ప్రయోజనం.

ఇవి కూడా చూడండి

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
శంషాబాదు
కోరంగి
విశాఖపట్నం ఓడరేవు
ప్రవాసాంధ్రులు