కష్టపెట్టువారికొరకు ప్రార్థన

తమ్ము హింసించువారికొరకు ప్రార్థింపవలయునని క్రీస్తు కొండమీది ప్రసంగమున ఆజ్ఞాపించినట్లు మత్తయి సువార్త 5వ అధ్యాయమునందున్నది. హింసించువారనగానే రాజులును చెరసాలలును తలపునకు వచ్చును. కాని గృహిణికి అట్టివారు దూరమున నుండరు. ఒకే పొయ్యిమీద వండిన యన్నము తినువారిలోనే యుందురు. ఉదయమున మనసు నొప్పించి, మధ్యాహ్నమున మరల మన చేతి యన్నమునకే వచ్చి కూర్చుండువానికొరకు మోకరించుట యెంత కష్టమో సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు.

ఈ విషయమున మాకు మోనికా చరిత్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈమె 4వ శతాబ్దమున ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే పట్టణమున, అనగా నేటి అల్జీరియా దేశపు సూక్ అహ్రాసున, కాపురము చేసెను. ఆమె కుమారుడు ఆగస్టీను తన 'కన్ఫెషన్సు' అను లాటిను గ్రంథమున తల్లి సంసారమును దాపరికము లేక వర్ణించియున్నాడు. భర్తయగు పత్రీసియుసు దయగలవాడే గాని మిక్కిలి కోపిష్ఠి, పరస్త్రీలోలుడు, క్రైస్తవుడును కాడు. దాసీలు మోసిన చాడీలు విని అత్తగారును మొదట కోడలిపై కత్తిగట్టెను. మోనికా ఓర్పుతో మెలగి అత్త మనసును గెలిచెను. భర్త విషయమున దేవుని కనికరముకొరకు ఏండ్ల తరబడి కాచుకొనియుండెను. ఇద్దరు స్త్రీలు తగవులాడి ఒకరిమీద నొకరు తనతో చెప్పుకొన్న మాటలలో, సంధికి పనికివచ్చునవి తప్ప మరి వేనిని ఆమె రెండవవారి చెవిని వేయలేదట! ప్రార్థనకంటె నిదియే కష్టమేమోయని మాకు దోచును.

ఒక్క సంగతి మాత్రము మాకు రుచింపలేదు. ఆ యూరి యిల్లాండ్రలో కొందరి మొగములపై భర్తల దెబ్బల గురుతు లుండెడివి. నోరదుపులో నుంచుకొనుడని మోనికా వారికి బోధించెనట. ఈ బోధను మేమంగీకరింపజాలము. కొట్టువానికొరకు ప్రార్థించుట వేరు, వాని దెబ్బలకు వీపొగ్గుట వేరు. పుట్టింటికి పోయియు, పెద్దలను పిలిపించియు, గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకై మన దేశమున 2005వ సంవత్సరమున చేయబడిన చట్టమువలన రక్షణ కోరియు, వానికొరకు ప్రార్థింపవచ్చును. వాని తప్పు తప్పేయని దేవునియెదుట చెప్పుకొనుటయు ప్రార్థనయే.

భర్తకంటె కుమారుడే ఆమె నెక్కువ యేడ్పించెను. ఆగస్టీను తల్లి విశ్వాసమును విడిచి తొమ్మిదేండ్లు మానీ మతమున తిరిగెను. 383వ సంవత్సరమున తల్లికి అబద్ధము చెప్పి, రాత్రివేళ కార్తేజినుండి రోమునకు ఓడ యెక్కెను. ఓడ కదలకుండునట్లు చేయుమని ఆమె ఆ రాత్రి రేవు చెంతనున్న గుడిలో కన్నీటితో వేడుకొనుచుండెను. తెల్లవారునప్పటికి ఓడ పోయినది. అయినను, ఇటలీలోని మిలాను నగరముననే ఆగస్టీను అంబ్రోసు అను పీఠాధిపతి బోధలు వినెను; 387వ సంవత్సరపు ఈస్టరు పండుగకు ఆయన చేతనే బాప్తిస్మము పొందెను. తల్లి యా రాత్రి యడిగినదానిని నిరాకరించియే, ఆమె యెల్లప్పుడు అడుగుచుండినదానిని దేవు డొసగెనని ఆగస్టీను భావించెను.

మనమో, ప్రార్థనతోపాటు కార్యక్రమమునుగూడ వ్రాసి యిత్తుము. అత్తగారి నోరు మూతపడవలెను. ఆడుబిడ్డ వచ్చిన బండిలోనే తిరిగి పోవలెను. తోడికోడలికి బుద్ధి రావలెను, అదియు ఈ పండుగలోపలనే! ఇవి యన్నియు ఓడ నాపుమను కోరికలే. ఇట్లు కాక, వారి పేరును మాత్రము దేవునియెదుట నుంచి, వారికేది మేలో దానిని చేయుమని యడిగి చూడుడు. మొదటి దినములలో పెదవులు పలుకునే గాని మనసు పలుకదు. అందులకు వెరవ నక్కరలేదు.

ప్రార్థించిన ప్రతివారి భర్తయు మారునని మేము మాట యీయజాలము. పత్రీసియుసు మారెను, జీవితాంతమున క్రైస్తవుడై చనిపోయెను. ఆయన ప్రక్కనే తన్నుగూడ సమాధి చేయవలెనని మోనికా చిరకాలము కోరుకొనెను. కాని 387వ సంవత్సరమున ఇటలీలోని ఓస్తియా రేవున, తన 56వ యేట మరణశయ్యపై నుండి, ఈ శరీరమును ఎచ్చట పూడ్చినను సరే, ప్రభువు బలిపీఠమునొద్ద నన్ను జ్ఞాపకము చేసికొనుడని కుమారులతో చెప్పెను. ఆగస్టీను తన గ్రంథపు 9వ భాగము చివర పాఠకుల నదేరీతిని వేడెను. ఆ వేడుకోలులో తల్లి పేరు ప్రక్కన తండ్రి పేరునుగూడ చేర్చెను.