సాలిపురుగులే అని సరిపెట్టుకోవద్దు

పొయ్యిలోకి సరుగుడు పుల్లలు తీస్తుంటే చేతిమీద చురుక్కుమంటుంది. చూస్తే ఏమీ కనిపించదు. 'ఏదో సాలిపురుగులే' అనుకుని పనిలో పడతాం. శ్రీహరికోట ఎదుట పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేట, తడ పల్లెల్లో పురుగూ పుట్రా మామూలే. ఏది ముప్పో తెలిస్తే అనవసర భయం పోతుంది, ప్రాణమూ దక్కుతుంది.

దాదాపు అన్ని సాలీళ్లకూ విషం ఉంటుంది. అది చిన్న పురుగులను చంపడానికే. గోడమీద అరచేయంత వెడల్పున, చదునుగా, గోధుమ రంగులో కనిపించేది బొద్దింకలను తింటుంది. చంపకండి. వరిలో వల అల్లకుండా దుబ్బుల మొదళ్లలో పరుగులు తీసే సాలీడు రోజుకు 5 నుంచి 15 వరకు సుడిదోమల వంటి పురుగులను తింటుంది. అవసరం లేకుండా మందు కొడితే ముందు చచ్చేది మీ నేస్తమే!

వీటితో జాగ్రత్త

చెట్ల తొర్రల్లో ఒళ్లంతా నూగుతో పెద్ద సాలీళ్లుంటాయి. 1899లో గుత్తి పేరుతో లోకానికి తెలిసిన నీలి సాలీడు ఈ జాతిదే. ఇప్పుడది నంద్యాల - గిద్దలూరు అడవుల్లో ఉంది. ఇవి కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాల పీకుడు ఉంటాయి. కడుపు కింద ఎర్రటి డమరుకం గుర్తు, పక్కన ముళ్లున్న గుండ్రటి గుడ్ల సంచి కనిపిస్తే చేయి పెట్టకండి.

అసలు ముప్పు వేరే

'సాలీడు' అనుకున్న కాటు ఎర్రతేలుదో, కట్లపాముదో కావచ్చు. తేలు కుట్టినాక ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూచేతులూ చల్లబడడం ప్రమాద సూచనలు. దీనికి ప్రజోసిన్ మాత్ర పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో చూపించారు. అయితే డాక్టరు ఇస్తేనే వాడాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆడదు.

ఏం చేయాలి?

కాటును సబ్బుతో కడగండి. కోయొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు, పసరు పూయొద్దు. ఈ సూచనల్లో ఏ ఒక్కటి కనిపించినా, కరిచిందేదో తెలియకపోయినా 108కి ఫోన్ చేయండి. మంచంమీద దోమతెర కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. చెప్పులు దులిపి తొడుక్కోండి. కట్టెలు గోడకు దూరంగా పేర్చండి.

సాలీడైతే నొప్పితో పోతుంది. కాకపోతే? ఆ అనుమానంతోనే ఆసుపత్రికి బయల్దేరండి.