బందరు రేవు, దివిసీమ లంకలు



అనంతగిరి గుట్టలలో బడిపంతులుగా బ్రదుకు గడపినవాడు ఓడరేవును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన గుట్టకును ఆ రేవునకును సంబంధము కలదు. అనంతపద్మనాభస్వామి కొలువైయున్న ఈ అడవులలోనే మూసీ పుట్టుచున్నది. ముచికుందుని పేరిట దానికి ముచికుందానది యని పెద్దలిడిన పేరు. అది హైదరాబాదు నడుమగా పారి, నల్లగొండ సీమలో వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. కృష్ణ పులిగడ్డ యొద్ద రెండు పాయలై సముద్రమునకు పోవును. ఆ పాయల నడుమనున్న పల్లపునేలయే దివిసీమ. దానికి ఈశాన్యమున సముద్రపుటొడ్డున నున్నది మచిలీపట్టణము, అనగా బందరు. మన చేలనుండి వానకు కొట్టుకొనిపోయిన మన్ను కొంతయైనను ఆ లంకలలో చేరియుండునని నేను పిల్లలకు చెప్పుచుండెడివాడను.

బందరనునది పారసీక పదము. రేవని దాని యర్థము. కుతుబ్‌షాహీల నాట గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారమదియే. 1606లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, 1669లో ఫ్రెంచివారును అచట వర్తకశాలలు పెట్టిరి. కృష్ణాతీరమున కొల్లూరు గనులలోని వజ్రములును, అంతకంటె ముఖ్యముగా మన నేతగాండ్ర బట్టలును, అద్దకపు గుడ్డలును అచటినుండి పారసీకమునకును, తూర్పుదీవులకును, ఐరోపాకును పోయినవి. వజ్రములను గూర్చి అందరును చెప్పుదురు గాని, వేలకొలది సంసారములకు అన్నము పెట్టినది ఆ గుడ్డయే. బందరు చెంతనున్న పెడనలో నేటికిని కలంకారీ అద్దకము సాగుచున్నది.

ఇంత పేరుగన్న రేవున ఓడ ఒడ్డునకు రాలేకుండెను! నది తెచ్చిన ఒండ్రుచేత అచటి సముద్రము మిక్కిలి మెరక. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరమున లంగరు వేసికొనగా, సరకును పడవలపై చేరవేయుచుండిరి. ఏ నది లంకలను కట్టెనో ఆ నదియే రేవును పూడ్చెను. 1933లో విశాఖపట్టణమున లోతైన ఓడరేవు తెరచిన పిమ్మట బందరునకు ఓడలు రాక మరియు తగ్గెను.

ఇట్టి చిక్కు మనకే కాదు. ఉత్తరమున స్వీడను దేశములో లూలియో యను రేవుపట్టణము కలదు. దాని యెదుటను వందలకొలది లంకలున్నవి. పూర్వకాలమున అచటి నేలను మహాభారమైన మంచుగడ్డలు అణచియుంచినవి. అవి కరగిన పిదప నేల మెల్లగా పైకి లేచుచున్నది. నూరేండ్లకు రెండుమూడు అడుగులు. 1621లో వెలసిన ఆ పట్టణపు రేవు అంతలోనే మెరకపడగా, 1649లో ఊరినే సుమారు ఆరు మైళ్లు సముద్రమువైపునకు జరిపిరి. అచట నేల లేచి రేవు చెడెను. ఇచట ఒండ్రు పేరుకొని చెడెను.

మెరక సముద్రము ఓడలకు విఘ్నము మాత్రమే కాదు, మనుష్యులకు ప్రాణాపాయము. తుపానుగాలి నీటిని ఒడ్డునకు నెట్టునపుడు, లోతున్నచో ఆ నీరు అడుగుననే వెనుకకు మరలును. లోతు లేనిచో పోవుటకు త్రోవలేక గోడవలె పైకి లేచి ఊళ్లమీద పడును. దీనినే ఉప్పెన యందురు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద పడిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది గతించిరి. 1977 నవంబరు 19న దివిసీమమీద పడిన దానిలో పదివేలకు పైబడి చనిపోయిరి. సముద్రపుటంచున నున్న పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి పల్లెలు ఊడ్చుకొనిపోయినవి. మడ అడవులు దట్టముగా నున్నచోట అల వేగము తగ్గును. ఆ చెట్ల వేళ్లే ఒండ్రును పట్టి నిలుపును. వంటచెరకు కొరకును, చేపల చెరువుల కొరకును మడలను నరకుట యెంత హానియో దీనినిబట్టి గ్రహింపుడు.

కొన్నియేండ్ల క్రిందట నేను నాగాయలంక మీదుగా ఏటిమొగకు పోయి, అచట పంటి యెక్కి ఎదురుమొండి లంకకు వెళ్లితిని. రోగియైనను, గర్భిణియైనను, పంటి కొరకు గట్టున వేచియుండవలసినదే. మన ఊళ్లలో బండి రాలేదని విసుగుకొనువారు ఒకసారి ఆ గట్టున నిలువవలెను. లంకవాసులు నాతో మొరపెట్టుకొన్నది మాత్రము వేరొకటి: సముద్రము ఒడ్డును కోసికొనుచు లోపలికి వచ్చుచున్నదని.

దీనికి కారణము వెదకినచో మరల మన వద్దకే రావలసియున్నది. 1908 మూసీ వరదలో హైదరాబాదున వేలమంది మడసిన పిమ్మట, నగరరక్షణకై 1920 నాటికి గండిపేట చెరువు కట్టిరి. అది కట్టక తప్పినది కాదు. తరువాత కృష్ణమీద నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలగు పెద్ద ఆనకట్టలు లేచినవి. నీరు మనకు పంటలనిచ్చెను. ఒండ్రు మాత్రము జలాశయముల అడుగున నిలిచిపోయెను. ఒండ్రుతో పెరిగిన నేలకు ఒండ్రు అందనిచో, అల కోసిన గండి తిరిగి పూడదు.

ఇక బందరు సంగతి. 2023 మే నెలలో అచట క్రొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి. పెద్ద ఓడ ఒడ్డునకు రావలెనన్నచో సముద్రములో లోతైన కాలువ త్రవ్వవలెను. ఇసుకయు బురదయు చేరకుండ దానిని ఎప్పటికప్పుడు త్రవ్వుచునే యుండవలెను. దివిసీమ యంచున మన్ను చాలక నేల తరుగుచుండగా, బందరు రేవున మన్ను తీయుటకు యంత్రములు నిలుపవలసియున్నది.