కణవర్ధనంలో ఔషధద్రవ్యాభివృద్ధి

ఓషధులలో రోగహరమైన ద్రవ్యం చాలాసార్లు స్వల్పప్రమాణంలోనే ఉంటుంది. దానికోసం వృక్షాన్నే బలిచేయవలసి రావడం శోచనీయం. ఇందుకు టాక్సస్ ప్రజాతి ప్రబల నిదర్శనం. ఆయుర్వేదంలోని తాళీసపత్రంగా కొన్ని ప్రాంతాలవారు ఈ ప్రజాతికి చెందిన హిమాలయవృక్షపు ఆకునే గ్రహిస్తారు. మరికొందరు ఏబీస్ ఆకును గ్రహిస్తారు.

అమెరికా పశ్చిమతీరంలోని టాక్సస్ బెరడు నుండి లభించిన టాక్సాల్ నిర్మాణం 1971లో వెల్లడైంది. 1992లో అండాశయ క్యాన్సర్ చికిత్సకు ఆ దేశంలో అనుమతి లభించింది. అయితే బెరడంతా ఒలిచిన చెట్టు బ్రతకదు.

ఈ చిక్కుకు కణవర్ధనం ఒక పరిష్కారం. వృక్షభాగం నుండి గ్రహించిన కణాలను సూక్ష్మజీవిరహితమైన పోషకద్రవంలో పెంచుతారు. కాని కణాలు వృద్ధి పొందినంత మాత్రాన ఔషధం వృద్ధి పొందదు. ఇటువంటి ద్రవ్యాలు అధికభాగం మొక్క ఆత్మరక్షణకు సంబంధించినవి. నిరాటంకంగా పెరిగే కణానికి వాటితో పని తక్కువ. అందుచేత మొదట కణాలను పెంచి, పిమ్మట గాయపడిన మొక్కలో సహజంగా జనించే జాస్మోనేట్ వంటి సంకేతద్రవ్యాన్ని చేరుస్తారు. ఆపద వాటిల్లినట్లు కణం స్పందించి, రక్షణద్రవ్యాన్ని అధికంగా ఉత్పత్తి చేస్తుంది.

1996లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగంలో, మిథైల్ జాస్మోనేట్ చేర్చిన టాక్సస్ మీడియా కణాలు రెండు వారాలలో లీటరుకు సుమారు 110 మిల్లీగ్రాముల టాక్సాల్‌ను ఇచ్చాయి. నేడు కణవర్ధనం ద్వారా టాక్సాల్ ఉత్పత్తి వాణిజ్యస్థాయిలోనూ సాగుతున్నది.

హిమాలయ టాక్సస్ అంతర్జాతీయ వ్యాపారం 1995 నుండి సైటిస్ ఒడంబడిక నియంత్రణలో ఉన్నది. కనుక తాళీసపత్ర నిర్ణయం కేవలం పదార్థవివాదం కాదు. ఏ వృక్షాన్ని రక్షించవలసి ఉన్నదో తెలుసుకొనడానికి అది తొలిమెట్టు.