డొల్లధ్వని నెరిగిన చెవి

భూగర్భమందలి బొగ్గుబాయిలో పని మొదలిడుటకు ముందు, అనుభవజ్ఞుడైన కార్మికుడు తలపైనున్న రూఫును కర్రతో తట్టి, రెండవ అరచేతిని రాతికానించి, ఆ రాయి పలుకును సావధానుడై ఆలకించును. ఖంగున మ్రోగినచో పొర గట్టిది. డొల్లగా పలికినచో లోపల పొర విడినదనియు, అచ్చట నిలువరాదనియు అర్థము. తలదీపము చూపజాలని దానిని చెవి పట్టియిచ్చును. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు తీయ నారంభించిన సింగరేణి సంస్థ యొక్క నూరేండ్ల పండుగను పేరుగా ధరించిన సెంటినరీ కాలనీలో, ఇట్టి చెవిగలవారు ఎందరో కాపురముండిరి. అట్టి గృహస్థు, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఇంటికొక మేలుజాతి స్టీరియో స్పీకర్ల జతను కొనదలచినచో, అతనికి అంగడివాని మాటకంటె తన చెవియే పెద్దదిక్కని నా దృఢవిశ్వాసము.

స్పీకరు నిర్మాణము తెలియుట కష్టము కాదు. 1925లో అమెరికా దేశమున రైస్, కెల్లాగ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు వివరించిన పద్ధతియే నేటికిని ఆధారము: అయస్కాంతము నడుమనున్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించగా ఆ చుట్ట కదలును, దానికంటిన కోను గాలిని నెట్టును, ఆ గాలి కదలికయే మన చెవికి సంగీతమగును. మంద్రధ్వనులకు పెద్ద కోనుగల ఊఫర్, సూక్ష్మధ్వనులకు చిన్నదైన ట్వీటర్, ఆ రెండింటికిని స్వరములను పంచియిచ్చు క్రాసోవర్ కలవు. కోను మాత్రమే పలుకవలెను. దానిని మోయు పెట్టె పలుకరాదు. కావున కొనువాడు పెట్టె ప్రక్కలను వ్రేలి కణుపులతో తట్టి చూడవలెను. ఇచ్చట గనిలోని న్యాయము తలక్రిందులగును: ఖంగున మ్రోగు పెట్టె దోషయుక్తము, తట్టిన చప్పుడు వెంటనే అణగిపోవు పెట్టె ఉత్తమము. పెట్టె తన కంఠమును కూడ కలిపినచో, ఘంటసాల గొంతులోని నిండుదనము ఉబ్బరముగా మారిపోవును.

రెండు పెట్టెలెందుకను ప్రశ్నకు సమాధానము 1931 నాటిది. ఆ యేట ఆంగ్ల ఇంజనీరు ఆలన్ బ్లమ్లైన్, రెండు మార్గములలో ధ్వనిని నమోదుచేసి రెండు స్పీకర్ల ద్వారా వినిపించినచో, పాడువాడు ఎచ్చట నిలిచెనో వినువానికి తోచునని వివరించి పేటెంటు కోరెను. ఆ ఫలము దక్కవలెనన్న, రెండు స్పీకర్లును వినువాని ఆసనమును సమత్రిభుజము మూడు కొనలవలె నుండవలెను. ట్వీటర్లు చెవి యెత్తుకు రావలెను. అప్పుడు పెట్టెలు రెండును మరుగుపడి, వాని నడుమ శూన్యస్థలమున గాయకుడు ప్రత్యక్షమగును. ఈ మరుగుపాటే మేలుజాతి స్పీకరుకు గీటురాయి.

అయితే గది కూడ ఒక వాద్యమే. పన్నెండడుగుల గదిలో సుమారు 47 హెర్ట్‌జ్‌ల మంద్రస్వరము ఎదురెదురు గోడల నడుమ నిలిచి, ఒకచోట గుమ్మని పెరిగి, మరియొకచోట మాయమగును. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినపుడు కిటికీ అద్దములు అదురుట నెరిగిన ప్రాంతమిది. ప్రతి వస్తువునకు తనను కదిలించు స్వరమొకటి కలదని ఇచ్చటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. సంస్థ యిచ్చిన క్వార్టరు గదికి నిలువెత్తు స్పీకర్లు ఆడంబరమే కాని ఆనందము కాదు. మేలైన చిన్న జతను మూలల నుండి దూరముగా, వెనుక గోడకు అడుగో రెండడుగులో ఎడముగా, కదలని స్టాండులపై నిలిపి, మందపు తెరలను వ్రేలాడదీసి, బొంతలో పుస్తకములో ఉన్నచో అచ్చటనే ఉండనిచ్చినచో చాలును. స్పీకరు సున్నితత్వము మూడు డెసిబెల్స్ తగ్గినచో అంతే ధ్వనికి రెట్టింపు వాట్లు కావలెను గావున, ఆంప్లిఫయరుతో పొత్తును కూడ చూడవలెను.

పరీక్షకు అంగడివాని మెరుపు పాటలు పనికిరావు. తనకు కంఠస్థమైన దానిని తీసికొనిపోవలెను: ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్‌లో కమాను తీగనొరయు సన్నని రాపిడి, ఈ ప్రాంతపు ఒగ్గుడోలు దెబ్బలోని తోలు బిగువు. డోలును ఎదుట విన్నవానిని యే స్పీకరును మోసగించలేదు.

ఇంతకంటె ముఖ్యమైన మాటను ఆప్తునివలె చెప్పుచున్నాను. డ్రిల్లు, షావెల్, డంపర్ల హోరులో ఎనిమిది గంటలు గడపిన చెవి తాత్కాలికముగా మొద్దుబారును. మొదట సూక్ష్మధ్వనులే తగ్గును. షిఫ్టు దిగి వచ్చిన వెంటనే విన్నచో, స్పీకరులో పస లేదనిపించి చేయి తానే వాల్యూమును పెంచును. గని నియమములలో 85 డెసిబెల్స్ హెచ్చరిక హద్దు; ఇంటిలో దానిని దాటుట శ్రమపడిన చెవికి మరల శ్రమయే. విని తీర్పు చెప్పుటకు వారపు సెలవుదినమైన ప్లేడే నాటి ఉదయము తగినది. అదియునుగాక, కాలనీలో ఏ వేళ చూచినను రాత్రి షిఫ్టు చేసివచ్చి నిదురించువారు గోడకావల నుందురు. చెవి తక్కువ ధ్వనిలో మంద్రమును తక్కువగా గ్రహించునని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపిరి. కావున నెమ్మదిగా పలికినను నిండుగా వినబడునదియే ఇచ్చట శ్రేష్ఠము.

పోషణ స్వల్పము. దుమ్ము చేరకుండుటకై గుడ్డ మూతను తీయరాదు. కోనును తడిబట్ట తాకరాదు. ఇచ్చటి వేసవి వేడికి కోను అంచునందలి ఫోము కాలక్రమమున పొడియగును గనుక, రబ్బరు అంచును కోరుట మేలు.

పదవీ విరమణ నాడు క్వార్టరు సంస్థకు తిరిగి చేరును. గోడలు మారును, మంద్రము గుమ్మను చోటు మారును, పాత కొలతలు పనికిరావు. క్రొత్త ఇంటిలో సామాను ఇంకను సర్దక మునుపే ఆ వృద్ధుడు పెట్టెలను అడుగు ముందునకు, అడుగు వెనుకకు జరుపుచు, తెలిసిన పాటను మెల్లగా పెట్టి, ఒకప్పుడు రూఫు క్రింద నిలిచినట్లే, ఊపిరి బిగబట్టి ఆలకించును.