చౌక టార్చిలైటును పనిముట్టుగా తీర్చుట

పల్లెయందైనను పట్టణమందైనను టార్చిలైటు లేని ఇల్లు అరుదు. సెల్‌ఫోనునందే దీపమున్న ఈ దినములలో దానితో పనియేమి అని కొందరు అడుగవచ్చును. నడిరేయి కరెంటు రాగానే చేనిలోని మోటారు వద్దకు పోవు రైతును, గేదె ఈనుచుండగా కొట్టములో కనిపెట్టుకొని కూర్చున్న ఇల్లాలిని, ఫ్యూజు పోయినప్పుడు మెట్లక్రింది పెట్టె తెరచువారిని అడిగినచో సమాధానము దొరకును. ఫోను తడికి ఓర్వదు, క్రిందపడినచో పగులును, దానిని పట్టుకొనిన చేయి మరియొక పనికి రాదు. బజారులో తక్కువ వెలకు వచ్చు టార్చిలైటు ఈ పనులకు చాలును. అయితే అంగడినుండి తెచ్చిన రూపున అది సెల్లను త్వరగా తినివేయును, వెలుగును ఒక్కచోటనే కుప్పవోయును, తడిచేతినుండి జారిపోవును. ఈ లోపములను ఇంటియందే సరిచేసికొను విధమును ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ఇది సౌకర్యమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2000 మొదలు 2019 వరకు మనదేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సగటున 58 వేలమంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వారిలో అధికులు పల్లెవాసులు. మరణములలో సగము జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వానకాలమున కలిగినవే. ఎక్కువ నష్టమునకు గురియైన రాష్ట్రములలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ కూడ కలదు. కట్లపాము రాత్రివేళలనే సంచరించును. రక్తపింజరి గట్టుమీది గడ్డిలో కదలక పడియుండి, కాలు పైబడినప్పుడు కరచును. అడుగు వేయబోవు నేలమీద నిలుకడగా వెలుగు పడినచో ఇట్టి అపాయములలో పెక్కింటిని తప్పించుకొనవచ్చును. సగము దారిలో ఆరిపోవు దీపము అసలు దీపము లేకుండుటకంటె కూడ చెరుపు చేయును; ఏలయన దానిని నమ్మి బయలుదేరుదుము.

టార్చిలైటు పుట్టి నూరేండ్లు దాటినది. ద్రవము ఒలుకని పొడిసెల్లును 1880 దశకమున జర్మనీలో కార్ల్ గాస్నర్ రూపొందించెను. అట్టి సెల్లను గొట్టములో వరుసగా పేర్చి, కొనయందు బల్బు అమర్చిన చేతిదీపమునకు 1899లో అమెరికాయందు డేవిడ్ మిసెల్ అను నతడు పేటెంటు పొందెను. నాటి సెల్లు బలహీనములగుటచే దీపమును క్షణకాలము వెలిగించి ఆర్పవలసి వచ్చెడిది. ఆంగ్లమున దానికి మెరుపును సూచించు ‘ఫ్లాష్‌లైట్’ అను పేరు అందువలననే కలిగినది. తరువాత చిరకాలము తీగబల్బులే వాడుకలో నుండెను. తీగ తెల్లగా కాగినగాని వెలుగు రాదు. సెల్ల శక్తిలో అధికభాగము వేడిగనే పోయెడిది. నీలికాంతినిచ్చు ఎల్.ఇ.డి. దీపము 1990 దశకమున సిద్ధించిన పిమ్మట ఈ స్థితి మారెను. నీలి దీపముపై పసుపువన్నె కాంతినిచ్చు పూత పూసినచో తెల్లని వెలుగు లభించును. ఇందుకు దారితీసిన అకసకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు చౌకగా దొరకు టార్చిలైట్లలో మిక్కిలి వాడుకలో ఉన్న యొక రకమును తీసికొందము. దానికి అల్యూమినియపు గొట్టము, ముందు తొమ్మిది చిన్న ఎల్.ఇ.డి. దీపములు, వెనుక మూతలో నొక్కుడు మీట ఉండును. లోపల చిన్న చట్రములో రిమోటులకు వాడు సన్న సెల్లు మూడుండును. ఒక్కొక్క సెల్లు 1.5 వోల్టులు, మూడును కలిసి 4.5 వోల్టులు. తెల్లని ఎల్.ఇ.డి.కి కావలసినది రమారమి 3.1 వోల్టులు మాత్రమే. ఈ దీపము స్వభావము చెరువు అలుగు వంటిది. నీటిమట్టము అలుగునకు లోబడియున్నంతవరకు చుక్కయైన దాటదు. జానెడు మించినచో ఉరవడిగా దుముకును. అట్లే వోల్టేజి కొంచెము పెరిగినను దీపములో ప్రవాహము మిక్కుటముగా పెరుగును. దానిని అదుపుచేయు రెసిస్టరును ఈ చౌకరకములలో పెక్కింటియందు పెట్టరు. అందువలన కొత్త సెల్లు వేసినప్పుడు దీపములు మిరుమిట్లుగొలిపి, వేడెక్కి, ఆయుస్సు కోల్పోవును. సెల్లును వేగముగా అరిగిపోవును.

దీనికి ఉపాయము సులభము. రేడియో మరమ్మతు సామాను అమ్ము అంగడిలో 10 ఓముల, అరవాటు రెసిస్టరు అతి స్వల్పమైన వెలకు దొరకును. దానిపై గోధుమ, నలుపు, నలుపు రంగుల పట్టెలుండును. లెక్క చూడుడు: 4.5 నుండి 3.1 తీసివేయగా మిగులు 1.4 వోల్టులు. దీనిని 10చే భాగించినచో 0.14 ఆంపియరు, అనగా 140 మిల్లీ ఆంపియర్లు. తొమ్మిది దీపములు పంచుకొనగా ఒక్కొక్కదానికి సుమారు 15 వచ్చును. సామాన్యముగా ఇట్టి దీపము ఓర్చుకొను పరిమితి 20 మిల్లీ ఆంపియర్లు. వెలుగు కొంత తగ్గునే అని సందేహింప నక్కరలేదు. వెలుగులో నాలుగవవంతు తగ్గినను మన కన్ను దానిని అంతగా గుర్తింపదు; సెల్లు మాత్రము ఎక్కువ రాత్రులు వచ్చును.

రెసిస్టరును అమర్చు క్రమమిది. వెనుకమూత విప్పి, చట్రము ఏ వైపు తిరిగియున్నదో గుర్తుంచుకొని బయటకు తీయవలెను. శుభలేఖ అట్టను నాలుగైదు పొరలుగా అంటించి, గొట్టపు లోపలి వెడల్పుకంటె కొంచెము చిన్నదిగా బిళ్ల కత్తిరింపవలెను. బిళ్ల నడుమ రెసిస్టరు ఇముడునంత సందు కోసి అందులో దానిని పరుండబెట్టవలెను. ఒక తీగను బిళ్లపైన, రెండవతీగను బిళ్లక్రింద చిన్న చుట్టగా చుట్టి అణచవలెను. ఈ బిళ్లను చట్రపు అడుగునకును మూతలోని స్ప్రింగునకును మధ్య నిలిపి మూత బిగించినచో పని ముగిసినట్లే. టంకముతో అవసరము లేదు. ఒక్క విషయము మాత్రము మరువరాదు. ఇట్టి టార్చిలైటులో గొట్టమే తిరుగుతీగగా పనిచేయును. మన చుట్టలు గొట్టపు గోడను తాకినచో మీట నొక్కకపోయినను దీపము వెలుగుచునే యుండును. కావున బిళ్ల అంచునుండి అన్నివైపుల తీగకు కొంత ఎడముండవలెను.

దీపము మినుకుమినుకుమనుటకు తరచుగా కారణము సెల్లు కావు. తాకుడు చోట్లలో చేరిన మురికి. పెన్సిలు రబ్బరుతో స్ప్రింగు కొనను, చట్రపు రేకులను, మూత మరలను రుద్ది పొడిగుడ్డతో తుడువవలెను. పాతుకొనిన చిలుమునకు సన్నని గరుకుకాగితము చాలును.

ఇక వెలుగు తీరు. నడచునప్పుడు దూరము పారు వెలుగు మేలు. చేతికందు దూరమున పనిచేయునప్పుడు అదే వెలుగు నడుమ కండ్లు చెదరునట్లును, చుట్టును చీకటిగాను కనిపించి పనికి అడ్డు వచ్చును. ఖాళీ పాలప్యాకెట్టును శుభ్రముగా కడిగి, అచ్చులేని తెల్లని భాగమును గుండ్రముగా కత్తిరించి, టార్చిలైటు ముఖమునకు రబ్బరు పట్టీతో కట్టినచో వెలుగు మెత్తనై నలుదిక్కుల పరచుకొనును. నడువవలసినప్పుడు తీసివేయవచ్చును, అందుచేత దీనిని లోపల అంటింపరాదు.

పాత సైకిలు ట్యూబు మరి రెండు మేళ్లు చేయును. జానెడు ముక్కను గొట్టముపై తొడిగినచో చేయి జారదు. బల్లపై పెట్టినప్పుడు దొర్లదు. లోహపు గొట్టము కరెంటు భాగములకు తగులు ప్రమాదమును కొంత తగ్గును. ఐనను ఈ తొడుగును నమ్మి స్టార్టరు పెట్టెలో చేయి పెట్టరాదు. ముందుగా మెయిను తీసివేయుటయే విధి. రెండవది, అంగుళము వెడల్పుగల ట్యూబు ఉంగరములు రెండింటిని తువ్వాలు తలపాగాకు ఒకప్రక్క కుట్టించుకొనినచో టార్చిలైటు చెవి పైభాగమున నిలుచును. రెండుచేతులును పనికి వచ్చును. చూపు పోయినవైపునకే వెలుగును పోవును.

గోడలోని ప్లగ్గునకు నేరుగా గ్రుచ్చి చార్జి చేయు టార్చిలైట్లను గూర్చి ఒక హెచ్చరిక. వాటి చౌకరకములలో ట్రాన్సుఫార్మరు ఉండదు. కండెన్సరు ద్వారా ఇంటి కరెంటే లోపలి భాగములకు చేరును. కావున చార్జి అగుచుండగా వాటిని విప్పరాదు, తడిచేతితో తాకరాదు. ప్లగ్గునుండి తీసిన తరువాతకూడ కండెన్సరులో కొంత విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఇంటిలో మార్పులు చేయదలచినవారు పొడిసెల్ల రకమునే ఎన్నుకొనుట క్షేమము. పాత లాప్‌టాపులనుండి తీసిన లిథియము సెల్లను ఇందు చొప్పించుటయు తగదు. అవి పొరపాటున షార్టు అయినచో నిప్పంటుకొనవచ్చును.

సెల్లు వేయునప్పుడు మూడును ఒకేసారి మార్చవలెను. కొత్తవాటితో పాతదానిని కలిపినచో పాతది అడుగంటి కారును. మామూలు పొడిసెల్లులో జింకు డబ్బాయే సెల్లునకు గోడ; అదియే లోలోన కరగి విద్యుత్తునిచ్చును. అరిగిన డబ్బానుండి స్రవించు రసము స్ప్రింగును తినివేయును. కనుక చాలదినములు వాడనప్పుడు సెల్లు తీసి విడిగా ఉంచవలెను. మన ట్రాన్సిస్టరు రేడియోకును ఇదే నియమము వర్తించును.

ఇట్లు సిద్ధమైన టార్చిలైటును తొలకరికి ముందే ఒకరాత్రి పెరటిలో పరీక్షించి చూడుడు. మార్పునకు ముందొకమారు, తరువాత నొకమారు నేలపై పడిన వెలుగును పోల్చుకొనినచో తేడా తెలియును. పొలమునకు పోవునప్పుడు కాళ్లకు బూట్లు, చేత కర్ర, ముందడుగు పడుచోట వెలుగు ఉండవలెను. పాము కరచుట సంభవించినచో గాటు పెట్టుట, కట్టు బిగించుట, మంత్రమునకై వేచియుండుట తగదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఆ రాత్రి ప్రయాణమునకును వెలుగు కావలసియుండును గనుక, టార్చిలైటును ఇంటిలో అందరికిని తెలిసిన ఒకే చోట, గుమ్మము ప్రక్క మేకునకు, వ్రేలాడదీసి ఉంచుడు.